బోటు అడుగున నీళ్లు

ఖాజావలికి అన్నం సయించడం లేదు. కారణం జిలానీ బోటు.

ఇద్దరూ ఊళ్లోని దర్గా పెద్ద షంషుద్దీన్ బాబా శిష్యులే. ఒకే పళ్లెంలో తిని పెరిగినవాళ్లు. అయితే ఏం? కడుపులో మంట మొదలయ్యాక ఆ అన్నం ఎవరికి గుర్తుంటుంది! ఏటా ఉరుసుకు కాకినాడ నుంచి నాగూరు దాకా తీరం వెంబడి యాత్రికుల్ని తీసుకెళ్లేది జిలానీ. తిరిగొచ్చిన ముసలమ్మలు దర్గా అరుగు మీద కూర్చుని, "జిలానీ బోటులో ఒళ్లు కదిలితే ఒట్టు" అని మురిసిపోయేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఖాజావలి లేచి వెళ్లిపోయేవాడు.

ఈసారి జనం పెరిగారు. ఇంకో బోటు కావాలి. కొత్తది కొనే స్తోమత దర్గాకు లేదు. పాతది చూసిపెట్టే పని బాబా ఖాజావలికి అప్పగించాడు.

"నేనూ తోడు రానా వలీ?" అన్నాడు జిలానీ. "పాత బోట్లకు రంగు వేసి అమ్మేస్తుంటారు."

"నీ బోటు నువ్వు తుడుచుకో భాయ్" అన్నాడు ఖాజావలి.

వారం తిరక్కుండానే బాబా దగ్గరికి పరుగున వచ్చాడు.

"దొరికింది బాబా! జిలానీ దానికన్నా రెండు బారలు పొడుగు. గదికి అద్దాల కిటికీలు కూడా ఉన్నాయి."

"బోటు ఎలా ఉంది?" అన్నాడు బాబా.

"అదే చెబుతున్నా కదా! దీని పక్కన నిలబెడితే జిలానీది బొమ్మ పడవలా ఉంటుంది."

బాబా లేచాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

ఉప్పుటేట్లో కట్టేసి ఉంది బోటు. తెల్లరంగు తళతళలాడుతోంది. అమ్మే సత్తిరాజు ఇంజను వేసి వినిపించాడు. బాబా అటు చూడనే లేదు. కాళ్ల కింది చెక్క మూత తీయించాడు. అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి.

"వాన నీళ్లండి బాబుగారూ" అన్నాడు సత్తిరాజు. "నిన్న కుండపోతగా కురిసింది కదండీ. పైన పట్టా కప్పడం మర్చిపోయాం."

బాబా తన రాగి గిన్నె ఖాజావలి చేతికిచ్చాడు.

"దిగి రుచి చూడు. వాన నీళ్లయితే చప్పగా ఉంటాయి. ఉప్పగా ఉంటే అడుగు కారుతోందన్నమాట."

ఖాజావలి దిగాడు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

ఉప్పు.

రేవులో నిలబడి ఈ బోటును చూసి జిలానీ ముఖం మాడ్చుకోవడం అతని కళ్ల ముందు మెదిలింది. ఎన్నేళ్లుగానో ఆ ముఖం కోసమే కాచుకుని ఉన్నాడు.

"చప్పగానే ఉన్నాయి బాబా."

సంగతి తెలిసిన సత్తిరాజు కూడా ఒక్క క్షణం అతని వంక వింతగా చూశాడు.

"మంచిది" అన్నాడు బాబా. "ఎండన పడి వచ్చాం. గొంతెండిపోతోంది. నిండా ముంచి ఇవ్వు."

"డీజిలు వాసన బాబా..."

"పర్వాలేదు. నువ్వు రుచి చూశావు కదా బేటా."

బాబా గిన్నె అందుకుని తాగాడు. ముఖంలో మార్పు లేదు. ఒక గుటక. ఇంకో గుటక. మళ్లీ గిన్నె ఎత్తబోతుంటే ఖాజావలి లాగేసుకున్నాడు. నీళ్లు ఇద్దరి మీదా చిందాయి.

"వద్దు బాబా! ఉప్పు! అవి ఉప్పు నీళ్లు!"

బాబా భుజం మీది తువ్వాలుతో గడ్డం తుడుచుకున్నాడు.

"ఈ బోటెక్కిన వాళ్లందరూ తాగబోయే నీళ్లు ఇవి" అన్నాడు. "నేనొక్కణ్ణి తాగితేనే చూడలేకపోయావు."