కార్డు కోత మీద గవర్రాజు పోరాటం

మండపల్లంక బజారులో తెలివికి కొదవ లేదు, కాకపోతే ఉన్నదంతా గవర్రాజు మిఠాయి కొట్లోనే ఉంది. ఈ మాట గవర్రాజే అన్నాడు. తమ్ముడు అబ్బులు ఔనన్నాడు, భార్య నాగరత్నం తలూపింది. ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంక ఊరితో పనేముంది?

ఆ కొట్లో కార్డు మిషన్ ఉంది. కార్డు గీకినప్పుడల్లా వందకి రెండు రూపాయలు కోసుకుంటుంది. కాజా మీద మిగిలేదే అంతంతమాత్రం. ఇలాగైతే దసరాకి పంచదార కొనలేమని నాగరత్నం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పక్కింటి ప్లీడరు గారు జాలిపడ్డారు.

"ఎంపీ గారికి చెప్పుకోండి. వట్టి చేతులతో వెళ్ళకండి. పెద్దాయన అడిగేదాకా ఎవరూ నోరెత్తకండి."

అంతే. గవర్రాజు పూతరేకుల పెట్టె పట్టుకున్నాడు, అబ్బులు మిషన్ పట్టుకున్నాడు, నాగరత్నం కాజాల పళ్ళెం ఎత్తుకుంది. ఎంపీ గారింటి గేటు దగ్గర పోలీసు "ఎవరు మీరు?" అన్నాడు. ముగ్గురూ పలకలేదు. అడిగింది పెద్దాయన కాదు గదా! పాపం మూగవాళ్ళనుకుని అందరికంటే ముందు లోపలికి పంపేశాడు. తెలివితక్కువతనానికి ఒక్కోసారి ఇలా రాచమర్యాద జరుగుతుంది, అందుకే అది తగ్గదు.

"ఎలా కోస్తుందో ఏదీ, చూపించండి," అన్నారు ఎంపీ గారు.

చూపించాలంటే బేరం జరగాలి. బేరానికి కొనేవాడు కావాలి. ఇంకేముంది! "తమరి కార్డు ఓసారి ఇప్పించండి," అన్నాడు అబ్బులు. కానుకగా తెచ్చిన పూతరేకులు ఆయనకే అమ్మేశారు. లెక్క గుండ్రంగా ఉంటుందని కాజాలు కూడా అంటగట్టారు.

ఎంపీ గారు మంచివారు, పైగా ఎన్నికలు దగ్గర పడ్డాయి. "చిన్న దుకాణాలకి ఈ కోత తీసేయమని అడుగుతాను. నెలకెంత పోతోందో కాగితం పట్రండి. ఎక్కువ పోతుంటే నా మాటకి బలం," అన్నారు.

ఇంటికొచ్చి నెల కోత లెక్క కాగితం మీద వేసి చూసి అబ్బులు పెదవి విరిచాడు. "ఇంత తక్కువైతే ఆయన ఏం మొహం పెట్టుకుని అడుగుతారన్నయ్యా?"

"నిజమేరా. పెంచుదాం. మన కార్డు మన మిషన్లోనే గీకితే సరి. మన డబ్బు మన కొట్లోకే వస్తుంది."

"మరి కోత పోతుంది కదండీ?" అంది నాగరత్నం.

"అదేగా మనకి కావాల్సింది!"

అంతే. నెలంతా గీకారు. పంచదారకని దాచిన సొమ్ము కార్డులోంచి కొట్లోకి, కొట్లోంచి కార్డులోకి తిరిగింది. తిరిగినప్పుడల్లా కాస్త చిక్కిపోయింది. కాగితం మాత్రం బలిసింది.

అది చూసి ఎంపీ గారు గుడ్లు తేలేశారు. "ఇంత బేరమా! చిన్న దుకాణాలకి కోత తీసేయించాను గానీ, మీది పెద్ద దుకాణమయ్యా. మీకు వర్తించదు."

నాగరత్నం మళ్ళీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గవర్రాజు కళ్ళు మాత్రం ఆనందంతో చెమర్చాయి. ఎంపీ గారంతటివారు పెద్ద దుకాణమన్నారు!

తిన్నగా పంచదార శెట్టిగారి దగ్గరికెళ్ళాడు. బస్తా అడిగాడు, వెంట తెచ్చిన సొంత మిషన్లో సొంత కార్డు గీకాడు, మిషన్లోంచి వచ్చిన చీటీ శెట్టిగారి చేతిలో పెట్టాడు. డబ్బు గవర్రాజు కొట్లోకే వెళ్ళింది, కోత మిషన్ వాళ్ళకెళ్ళింది, శెట్టిగారికి చీటీ మిగిలింది. ఆయన బస్తా మళ్ళీ లోపల పెట్టించారు.

"చూశావా," అన్నాడు గవర్రాజు ఇంటికొచ్చి, "మనకి ఒక్క బస్తా ఏం చాలుతుందని లోపల పెట్టించేశారు. లారీతో పంపిస్తారు కాబోలు."

ఇంకేముంది! లారీ పట్టాలని ముగ్గురూ కలిసి కొట్టు ముందుగోడ పడగొట్టేశారు.