రాణిగారి ముక్కు, అరగని దీపం

అనగా అనగా, సముద్రం ఉప్పగా ఉంటుందని చేపలకింకా తెలియని కాలంలో, పగడాల దీవి అని ఒక దీవి ఉండేది.

ఆ దీవిని ఏలిన రాణి ఒక తుఫాను ఏట, ఓడలు పగిలి కొట్టుకొచ్చిన పరదేశులను చేరదీసింది. ఇంటికొక వెండి నాణెం ఇచ్చింది. నాణెం మీద రాణి ముఖం, ఆ ముఖం ముందు చిన్న దీపం. "ఈ దీపం ఎవరింట ఉంటే వాళ్ళు మా దీవివాళ్ళే" అంది. తర్వాతి ఏళ్ళలో నాణేలు వేలకు వేలు అచ్చువేశారు. వాటి మీద రాణి ఉంది గానీ దీపం లేదు.

రాణి పోయింది. ఆమె మాట మిగిలింది. దూరదేశం నుంచి వచ్చి దీవిలో కాపురం పెట్టినవాళ్ళు వానలు పట్టేలోగా రేవుపెద్దకు దీపం నాణెం చూపించాలి. చూపించినవాళ్ళు ఉండిపోవచ్చు. చూపించలేనివాళ్ళు చివరి ఓడ ఎక్కాలి. దొంగ నాణెం చూపినవాళ్ళు మాత్రం ఆ పూటే, గిన్నెలు కూడా సర్దుకోకుండా వెళ్ళిపోవాలి.

అలా వచ్చినవాళ్ళలో సూరమ ఒకతె. ఆమె పెనిమిటి బొల్లన బట్టలకు రంగులు అద్దేవాడు. వాళ్ళ ఊళ్ళో వానలు తప్పి, రంగు కలపడానికి కాదు కదా, తాగడానికే నీళ్ళు లేకపోతే, కూతురు నీలినీ చంటివాడినీ తీసుకుని సముద్రం దాటి వచ్చారు. తిరిగి వెళ్ళడానికి ఊరుంది గానీ ఊళ్ళో నీళ్ళు లేవు.

సూరమకు భయం ఎక్కువ. తలుపు గడియ వేసి, వేశానా లేదా అని మళ్ళీ లేచి చూసే మనిషి. పిల్లలకు పాలు ఇచ్చే ముందు తానొక చుక్క నాలుక మీద వేసుకునే మనిషి. పక్కింటి పేరక్క నవ్వేది. "ఏం సూరమా, ఉప్పు కొన్నా చప్పరించి చూస్తావు. రేపు నీ అల్లుడి పళ్ళు కూడా లెక్కపెడతావు కాబోలు."

పేరక్కదీ సముద్రం దాటి వచ్చిన కుటుంబమే. ఆమెకూ దీపం నాణెం కావాలి.

ఆ నాణేలు చిలకల సంతలో దొరికేవి. అది కాళ్ళతో నడిచి వెళ్ళే సంత కాదు. ఎక్కడెక్కడి దీవుల్లోనో ఉన్న అమ్మకందార్లు నాణేన్ని వేడి లక్క మీద అటూ ఇటూ అద్ది, ఆ లక్కబిళ్ళను చిలక మెడకు కట్టి, దానికి నాలుగు మాటలు నేర్పి వదిలేవారు. చిలక ఇంటింటి చూరు మీదా వాలి ఆ మాటలు పలికేది. కొనేవాళ్ళు లక్క చూసి, ఇంత ఇస్తామని తమ పాట చెప్పేవారు. పొద్దు గూకే వేళకు ఎవరి పాట పెద్దదైతే నాణెం వాళ్ళది. సొమ్ము ముందు వెళ్ళేది, నాణెం వెనక వచ్చేది. నచ్చకపోతే మూడో పొద్దు గూకేలోగా తిప్పి పంపవచ్చు. అమ్మేవాడి ముఖం మాత్రం కొనేవాడికి తెలిసేది కాదు.

ఒక ఉదయం చిలక వచ్చి చూరు మీద వాలింది.

"దీపం నాణెం. తళతళలాడే నాణెం. తడవు చేస్తే దక్కదు" అంది.

పేరక్క, సూరమ ఇద్దరూ లక్కబిళ్ళ చూశారు. ఒకవైపు రాణి, దీపం. రెండోవైపు ఓడ.

"ముఖం చూపించావు, వీపు చూపించావు. నాణెం అంచు ఎలా ఉంది?" అని అడిగింది సూరమ.

"నాకు నేర్పింది ఇంతే" అంది చిలక.

సూరమ వెనకాడింది. పేరక్క నవ్వి, తన వెండి మొలతాడు పాడింది. నాణెం ఆమెదే అయింది.

రేవుపెద్ద అక్కమాంబ ముసలిది. చూపు తక్కువ, వేళ్ళు చురుకు. పేరక్క ఇచ్చిన నాణెం అంచు చుట్టూ మెల్లగా గోరు పోనిచ్చింది. ఒకచోట గోరు ఆగింది. వేణ్ణీళ్ళు తెప్పించి అందులో వేసింది. కాసేపటికి నాణెం పెసరబద్దల్లా రెండుగా విడిపోయింది. ముఖం ఒక రేకు, వీపు ఒక రేకు. నడుమ జిగురు.

పేరక్క పిల్లలు పొయ్యి మీది అన్నం పొయ్యి మీదే వదిలి ఓడెక్కారు. మెట్టు మీద నిలబడి పేరక్క వెనక్కి చూసింది. "నువ్వు అంచు అడిగినప్పుడు నేను నవ్వాను సూరమా" అంది. ఓడ కదిలిపోయింది.

ఆ రోజు నుంచి సూరమకు కాలు నిలవలేదు. వంట చేస్తూ గుమ్మంలోకి వచ్చేది. నీళ్ళు తోడుతూ ఆకాశం చూసేది. నైరుతి మూల అరచేయంత మబ్బు లేచింది. మర్నాటికి అది చాపంత అయింది.

అప్పుడు చిలక మళ్ళీ వచ్చింది. అమ్మకందారు తెలివి మీరాడు. ఈసారి కొత్త మాటలు నేర్పాడు.

"దీపం నాణెం. అతుకు లేని నాణెం. వేణ్ణీళ్ళకు విడిపోదు" అంది చిలక.

మబ్బు చూసి సూరమ తన రెండు బంగారు గాజులూ పాడేసింది. ఇంక ఏమీ అడగలేదు.

పడవ మీద నాణెం వచ్చింది. గోరు పెట్టి చూసింది, ఆగలేదు. వేణ్ణీళ్ళలో వేసింది, విడిపోలేదు. బొల్లన పొంగిపోయాడు. "ఇంకనైనా రెండు ముద్దలు స్థిమితంగా తిను" అన్నాడు.

మర్నాడు నీలికి నలుగు పెట్టి స్నానం చేయిస్తుంటే, పిల్ల కాలి గజ్జె సూరమ అరచేతిలో గీసుకుంది.

"ఇదెందుకే ఇలా గుచ్చుకుంటోంది?"

"అది కొత్త మువ్వమ్మా. ఒకటి ఊడిపోతే నాన్న మొన్న వేయించాడు. మిగతావి నాతో పరిగెత్తి పరిగెత్తి నున్నగా అయిపోయాయి."

సూరమ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. నలుగు చేతులతోనే లోపలికి వెళ్ళి నాణెం ఎండలోకి తెచ్చింది. రాణిగారి ముక్కు అరిగి చదునైంది. కొప్పు కనబడీ కనబడనట్టుంది. ముందున్న దీపం మాత్రం ఇప్పుడే ఒత్తి ఎగదోసినట్టు పదునుగా ఉంది. దాని చుట్టూ వెండిని సన్నగా గీకిన జాడ.

"చూడవయ్యా" అంది బొల్లనతో. "ఇద్దరూ ఒకే సంచిలో తిరిగారు. రాణి ముసలిదైపోయింది. దీపానికి ఈడు రాలేదు. కలిసి తిరిగినవి కలిసే అరగాలి కదా. ఇది మామూలు నాణెం. దీపం తర్వాత చెక్కారు."

బొల్లన తలపట్టుకున్నాడు. "రేవుపెద్దకు చూపు తక్కువ. గోరు పెడుతుంది, నీళ్ళలో వేస్తుంది. రెండూ దాటేశాం. చూపించి ఊరుకుందాం సూరమా. మబ్బు చూశావా?"

"చూశాను. పొద్దున్నించీ అదే చూస్తున్నాను. ముసలమ్మకు కనబడకపోవచ్చు. రేపు నీలి పెద్దదవుతుంది. మనమిక్కడ ఎలా నిలిచామో చెబుతూ తన పిల్లలకు ఈ నాణెం చూపిస్తుంది. వాళ్ళకు కనబడుతుంది."

బొల్లన లేచి చిలక కోసం చూరు వైపు చూశాడు.

మూడో పొద్దు గూకకముందే సూరమ చిలకను పిలిచి నాణెం మెడకు కట్టింది. కట్టి, మళ్ళీ ముడి విప్పింది.

"ఇది తిరిగి వెళితే నువ్వేం చేస్తావు?"

"రేపు ఇంకో చూరు మీద వాలి ఇవే మాటలు పలుకుతాను" అంది చిలక.

ఆ ఇంకో చూరు కింద ఇంకో తల్లి ఉంటుంది. సూరమకు పేరక్క పొయ్యి గుర్తొచ్చింది.

"నీకు మాటలు నేర్పేది అమ్మేవాళ్ళేనా?"

"జామపండు పెట్టినవాళ్ళెవరైనా నేర్పవచ్చు. కొనేవాళ్ళు ఎప్పుడూ నేర్పలేదు. వాళ్ళు పాట చెప్పే తొందరలో ఉంటారు."

సూరమ పెరట్లోకి వెళ్ళి, నీలి కోసం చెట్టునే ఉంచిన దోర జామపండు కోసుకొచ్చింది. చిలక తింటున్నంతసేపూ దాని చెవిలో ఒకే మాట చెప్పింది. "చూపనిది చూపు."

చిలక ఎగిరిపోయింది. గాజులు తిరిగి వచ్చాయి.

మరునాటి నుంచి ప్రతి చూరు మీదా, "దీపం నాణెం, అతుకు లేని నాణెం" అన్న వెంటనే, "చూపనిది చూపు" అంది చిలక. పాడబోయిన నోళ్ళు ఆగాయి. అంచు చూపమన్నారు, ముక్కు చూపమన్నారు, దీపం చుట్టూ చూపమన్నారు. అమ్మకందారు ద్రాక్షపళ్ళు పెట్టి మరిపించబోయాడు. "నేర్చింది మరవడం నాకు చేతకాదు" అంది చిలక, ద్రాక్షలన్నీ తినేసి.

దానితో నాణేలు రావడమే మానేశాయి. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. మబ్బు ఆకాశమంతా పరుచుకుంది. వీధివాళ్ళు సూరమ గుమ్మం ముందు ఆగి మరీ దెప్పారు. "ఏమమ్మా, వడ్డించేవాణ్ణి చేతులు చూపమన్నావట. ఇప్పుడు అన్నమూ లేదు, విస్తరీ లేదు." సూరమ తలుపు వేసుకుంది. గడియ పడిందో లేదో మళ్ళీ చూసుకుంది. తన పిల్లలతోపాటు పదిమంది పిల్లలనూ ఓడెక్కించానా అనుకుంది.

చివరి ఓడ రేవులోకి వచ్చింది. బొల్లన మూటలు కడుతున్నాడు. తొలి చినుకులు పడుతున్నాయి.

అప్పుడు చిలక తడుస్తూ వచ్చింది. దాని మెడలో బిళ్ళ కాదు, పొడుగాటి లక్క కడ్డీ ఉంది. నాణేన్ని దాని మీద చక్రంలా దొర్లించారు. ముఖమూ వీపే కాక అంచంతా అందులో పడింది.

చిలక ఒక ముసలి గొంతుతో పలికింది. "నేను పాత సరంగును, ఓడలు నడిపినవాణ్ణి. నా నాణెం మీద రాణి అరిగింది, దీపమూ అరిగింది. అంచున ఒక నొక్కు ఉంది, అది చిన్నప్పుడు నేను కొరికింది. దీపం వెలగడం లేదని ఇన్నాళ్ళూ ఎవరూ కొనలేదు. ఒక గాజు ఇస్తే చాలు. చూపనిది చూపమన్నావు. ఇంకేమీ దాచలేదు."

సూరమ కడ్డీని వేలితో తడిమింది. నొక్కు దగ్గర వేలు ఆగింది. రెండు గాజులూ తీసి చిలక మెడకు కట్టింది.

"ఒకటి చాలన్నాడు కదే" అన్నాడు బొల్లన.

"నిజం చెప్పినవాడికి తక్కువ వెల కట్టడం కూడా ఒక మోసమే."

చివరి ఓడ కదలకముందే సరంగు పడవ నాణెం తెచ్చింది. అక్కమాంబ అంచున గోరు పోనిచ్చింది. వేణ్ణీళ్ళలో వేసి తీసింది. కళ్ళు చికిలించింది. "దీపం కనబడదేం?" అంది.

రేవులో ఓడ కొమ్ము ఊదారు. నీలి తల్లి కొంగు పట్టుకుంది.

"రాణిగారి ముక్కు ఎంత కనబడుతోంది తల్లీ?" అని అడిగింది సూరమ.

అక్కమాంబ వేలు ముక్కు మీద వెతికింది. అక్కడి నుంచి ముందుకు జరిగింది. అంతే అరిగిన దీపం వేలికి తగిలింది.

"ఇద్దరూ ఒక్కలాగే ముసలివాళ్ళయ్యారు" అంది. "మూటలు విప్పుకోండి."

సరంగు కబురు విని, దీపం మసకబారిందని పాత పెట్టెల్లో పడేసిన నాణేలను మిగతా దీవులవాళ్ళు కూడా బయటికి తీశారు. మళ్ళీ ఏడు తొలి ఓడలో, చివరి ఓడెక్కి వెళ్ళిన వీధివాళ్ళతోపాటు పేరక్క కూడా దిగింది. పలకరింపు లేదు, కుశలం లేదు. పిడికిలి విప్పి, "ముక్కు చూశాను, దీపం చూశాను, గోరు పెట్టి అంచంతా చూశాను. ఆ తర్వాతే ఓడెక్కాను" అంది.

సూరమ నవ్వి, "ఏదీ, నన్నొకసారి చూడనీ" అంది.

చూపినదానికి మురిసేవాడు మోసపోతాడు. చూపనిదాన్ని అడిగేవాడు తాను నిలుస్తాడు, పదిమందినీ నిలబెడతాడు.