సొరకాయకు జరీ శాలువ

బల్లెం పట్టిన చేతులతో ఓబులేసు బూడిద జల్లిస్తున్నాడు.

మెత్తటి బూడిద ఒక కుండలోకి, గరుకుది ఇంకో కుండలోకి. మెత్తటిది బీరపాదు ఆకుల మీద చల్లడానికి, పేనుబంక పట్టకుండా. గరుకుది గిన్నెలు తోమడానికి. పొద్దున్నుంచీ ఇదే పని. మీసాల మీద కూడా బూడిదే.

చివరికి జల్లెడ కింద పెట్టేశాడు.

"అవ్వా, భయం లేకుండా బతికేది ఎట్లాగో చెప్తావని వచ్చినాను. నువ్వు నాతో బూడిద జల్లిస్తా ఉండావు."

ఖాసింబీ అవ్వ తలెత్తలేదు. గరుకు బూడిద కుండలో చెయ్యి పెట్టి, నల్లటి ముక్క ఒకటి తీసి అతనికి చూపించింది.

"ఇది బొగ్గు. ఇంకా మండుతాది. దీన్ని బూడిదలో ఎందుకు కలిపినావు?"

ఓబులేసు ఆ ముక్క తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ జల్లెడ అందుకున్నాడు. కోపం మాత్రం పోలేదు.

అవ్వ ఉండేది కొండ కింద చిన్న తకియాలో, ఫకీర్లు ఉండే చోట. ఒకప్పుడు అక్కడ ఒక ముసలి ఫకీరు ఉండేవాడు. ఆయన పోయాక, ఆయనకు సేవ చేసిన ఖాసింబీ అక్కడే నిలిచిపోయింది. చుట్టుపక్కల అన్ని కులాలవాళ్ళూ కష్టమొస్తే ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆమె చెప్పేది తక్కువ. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది.

ఓబులేసు అంతకుముందు తిమ్మప్పనాయుడి కోటలో బంటు. తిమ్మప్పనాయుడు ఆ సీమకు పాళెగాడు. కొండ కింద వేములపాడు ఊరివాళ్ళు తాతల నాటి నుంచి పశువులు మేపుకునే బీడు ఒకటి ఉంది. నాయుడి కన్ను దాని మీద పడింది. తన గుర్రాలకు ఆ గడ్డి కావాలన్నాడు. ఊరివాళ్ళు కుదరదన్నారు. పశువులను బల్లేలతో తరమండని బంట్లకు ఆజ్ఞ అయింది.

ఓబులేసు బీడు దాకా వెళ్ళాడు. చూడి ఆవు ఒకటి అతనికి ఎదురుగా నిలబడి, కదలకుండా నెమరు వేస్తోంది. దాని పక్కన మెడ మీద చెయ్యి వేసి ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఓబులేసు బల్లెం అక్కడే పారేసి నడుచుకుంటూ తకియాకు వచ్చేశాడు. నాయుడి మనుషులు ఎప్పుడొచ్చి పట్టుకుపోతారోనని ఆ రోజు నుంచి అతనికి నిద్ర సరిగా లేదు. ఆ భయమే అతనికి సిగ్గు.

మిగతా బంట్లు తరిమిన పశువులు మర్నాటికే మళ్ళీ బీడులో ఉండేవి. బల్లేలతో పని జరగకపోయేసరికి నాయుడు ఇంకో దారి పట్టాడు. బీడు వదులుకునే దాకా వేములపాడు వాళ్ళకు సంతలో ఎవరూ ఏమీ అమ్మకూడదని చాటింపు వేయించాడు. ఉప్పు లేదు, నూనె లేదు, బట్ట లేదు. సంత దారిలో కాపలా పెట్టాడు.

కొన్నాళ్ళకు ఊరి పెద్ద లింగారెడ్డి, అతని భార్య గంగమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు తకియాకు వచ్చారు. గంగమ్మే ఆ రోజు బీడులో ఆవు పక్కన నిలబడిన మనిషి. ఆమె ముఖం కూడా ఇప్పుడు వాడిపోయి ఉంది.

"ఇంక మా వల్ల కాదవ్వా," అన్నాడు లింగారెడ్డి. "పోయి నాయుడి కాళ్ళ మీద పడతాము. గడ్డి పోతే పోయింది. ఉప్పు లేని సంగటి ఎన్నాళ్ళు తింటాము?"

ఓబులేసు లేచి నిలబడ్డాడు. "కాళ్ళ మీద పడేదేంది? కోటలో ఉప్పు కొట్టు ఎక్కడుందో నాకు తెలుసు. పదిమంది మొగోళ్ళను ఇయ్యండి. కొట్టు పగలగొట్టుకొని వస్తాను."

"వచ్చినాక?" అంది గంగమ్మ. "ఊరు తగలబెడతాడు."

అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ బీరకాయలు చెక్కు తీస్తోంది. ముక్కలు ఒక పక్కన పెట్టి, చెక్కు అంతా గుప్పిట్లోకి తీసుకుని లేచింది. పెనం మీద వేయించింది. నాలుగు ఎండుమిరపకాయలు, కాస్త చింతపండు వేసి రోట్లో నూరింది. అంతసేపూ వాళ్ళు కూర్చునే ఉన్నారు. ఆమె వచ్చి గంగమ్మ అరచేతిలో ముద్ద పెట్టింది.

గంగమ్మ నాలుకకు రాసుకుంది. ఇంకోసారి తీసుకుంది. "బాగుందవ్వా. ఏం పచ్చడి ఇది?"

"మీ ఇంట్లో దిబ్బ మీద పారేసేది."

గంగమ్మ వేలికి అంటింది కూడా నాకింది. తర్వాత అడిగింది. "ఉప్పు ఉండాదే దీంట్లో. నీకెక్కడిది?"

అవ్వ కొండవాలు వైపు చెయ్యి చూపించింది. అక్కడ చవుడు నేల తెల్లగా పూత కట్టి ఉంది.

ఆ మరునాటి నుంచి ఆడవాళ్ళు తకియాకు రావడం మొదలుపెట్టారు. చవుటి మన్ను నీళ్ళలో కలిపి, తేర్చి, గుడ్డతో వడపోసి, వెడల్పాటి పెంకుల్లో ఎండబెడితే అడుగున ఉప్పు మిగులుతుందని అవ్వ చేసి చూపించింది. అది సంత ఉప్పులా తెల్లగా ఉండదు, కాస్త చేదు కూడా. అయినా ఉప్పే. గట్ల మీద ఎవరూ పట్టించుకోని ఆముదపు గింజలు ఏరుకొచ్చి, వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి, పైన తేలిన నూనె గరిటెతో తీశారు. దీపాలకు అది చాలు. చినిగిన చీరల్లో గట్టిగా ఉన్న అంచులు విప్పి దారం చేశారు. మిగిలిన పేలికలతో బొంతలు కుట్టారు. బియ్యం కడిగిన నీళ్ళు కాకరపాదుకు పోయాయి, చేతులు కడిగిన నీళ్ళు అరటిచెట్టుకు. కుండ అడుగున చిన్న బెజ్జం పెట్టి, అందులో గుడ్డ వత్తి దూర్చి, మొక్క పక్కన పూడ్చడం ఓబులేసు నేర్చుకున్నాడు. కుండ నింపితే చాలు, వేరుకు నీళ్ళు చుక్క చుక్కగా అందుతూ ఉంటాయి.

గుంతలు తవ్వుతూ కూడా అతను గొణిగేవాడు. "దీన్ని పోరాటమంటారా? ముసలమ్మల పొదుపు ఇది."

ఆ మాట అవ్వ వింది. "నాయుడు ఏం చెప్పినాడు?" అని అడిగింది.

"ఉప్పు లేకపోతే నా కాళ్ళ దగ్గరికి వస్తారని చెప్పినాడు."

"ఎవరన్నా పోయినారా?"

ఓబులేసు గుంత తవ్వుకుంటూ పోయాడు.

ఎండలు పోయి వాన పడింది. బీడులో గడ్డి లేచింది. వేములపాడు పశువులు అందులోనే మేస్తున్నాయి. సంతకు వచ్చిన పక్క ఊళ్ళ ఆడవాళ్ళు కూడా, చవుటి మన్నుతో ఉప్పు ఎట్లా తీస్తారని ఒకరినొకరు అడగసాగారు. అంగళ్ళలో ఉప్పు నెమ్ముకుని గడ్డ కడుతోందని వర్తకులు నాయుడి దగ్గర మొరపెట్టుకున్నారు.

ఇదంతా ఎక్కడ మొదలయిందో నాయుడికి తెలియకపోలేదు. ముసలి ఫకీరమ్మ మీదికి బంట్లను పంపితే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరగబడతాయి. అందుకని ఆయన శాలువ పంపాడు.

దాన్ని తెచ్చినవాడు కోటలో లెక్కలు, ఉత్తరాలు రాసే రాయసం రంగప్ప. వెండి పళ్ళెంలో ఎర్రటి పట్టు శాలువ, అంచంతా జరీ. ఆ వేళకు తకియాలో పది పదిహేనుమంది ఆడవాళ్ళు ఆముదాలు దంచుతున్నారు. రోకళ్ళు ఆగిపోయాయి.

"దొరవారు సంతోషించి పంపినారు అవ్వా," అన్నాడు రంగప్ప. "ఇది కప్పుకొని శుక్రవారం నాడు కోటకు ఒక్కసారి వచ్చిపోతే చాలు. మాట కూడా చెప్పక్కర్లేదు. సంత తెరిపిస్తారు."

అందరికీ అర్థమైంది. ఆమె శాలువ కప్పుకుని కోట మెట్లెక్కితే బీడు నాయుడిదైపోయినట్టే. తిప్పి పంపితే దొర కానుకను కాదన్నట్టు. అప్పుడు బంట్లు రావడానికి సాకు దొరుకుతుంది.

ఓబులేసు ముందుకొచ్చాడు. "నాకియ్యి అవ్వా. కోట వాకిట్లో దుమ్ములో పారేసి వస్తాను. నన్నేం చేసుకుంటారో చేసుకోనీ."

అవ్వ శాలువ చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు పట్టి చూసింది. రెండు చేతులతో లాగి చూసింది. "దుమ్ములో పారేసేదానికి ఇదేం చేసింది? మంచి నేత. నేసినోళ్ళ చెయ్యి గట్టిది."

రంగప్ప ముఖం విచ్చుకుంది. గంగమ్మ తల దించుకుంది.

అవ్వ లేచి పందిరి దగ్గరికి నడిచింది. పందిరి మీది నుంచి ఒక సొరకాయ వేలాడుతోంది. విత్తనానికని వదిలిన కాయ. బరువుకు తీగ సాగి, తొడిమ దగ్గర చీలిక కనబడుతోంది. రేపో ఎల్లుండో తెగేటట్టు ఉంది.

అవ్వ శాలువ అంచు పళ్ళతో కొరికి, రెండు చేతులతో చింపింది.

పట్టు చిరిగిన చప్పుడుకు ఓబులేసు ఒక అడుగు వెనక్కి వేశాడు. కోటలో ఉన్నన్నాళ్ళూ నాయుడి ఎదుట గట్టిగా దగ్గడానికి కూడా భయపడ్డ మనిషి అతను.

ఆమె వెడల్పాటి పేలికను కాయ కింద నుంచి చుట్టి, రెండు కొసలూ పందిరి గుంజకు ముడివేసింది. కాయ ఉయ్యాలలో కూర్చున్నట్టు కుదురుకుంది. తీగ బిగువు తగ్గింది. మిగిలిన ముక్క మడిచి బొంతల గుడ్డల్లో పెట్టింది. ఖాళీ పళ్ళెం కొంగుతో తుడిచి రంగప్ప చేతికిచ్చింది.

రంగప్ప ఖాళీ పళ్ళెం అటూ ఇటూ తిప్పి చూశాడు. "దొరవారికి ఏమని చెప్పేది అవ్వా?"

"పనికొచ్చిందని చెప్పు."

శుక్రవారం నాడు నాయుడే వచ్చాడు. వెనుక గుర్రాల మీద బంట్లు. దుమ్ము చూసి ఊరంతా తకియా దగ్గరికి వచ్చేసింది. ఎవరి చేతుల్లోనూ కర్రలు లేవు. కొందరి చేతులకు ఇంకా పిండి అంటుకునే ఉంది.

నాయుడు గుర్రం దిగలేదు. పందిరి వైపు చూశాడు. ఎర్ర పట్టు మీద తీగ జిగురు మరకలు, మంచుకు తడిసిన దుమ్ము చారలు. జరీ మాత్రం ఎండకు మెరుస్తోంది.

"దాన్ని ఊడదియ్యి," అన్నాడు పక్కనున్న బంటుతో.

ఆ బంటు పేరు పెద్దన్న. ఓబులేసుతో కలిసి కోట కాపలా కాసినవాడు. గుర్రం దిగి, బల్లెం ఎత్తి ముడి దగ్గర పెట్టాడు.

"నిదానం నాయనా," అంది అవ్వ. "కాయకు దెబ్బ తగలనీయొద్దు. విత్తనానికి వదిలినాము."

పెద్దన్న ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, "దొరా, గుడ్డ తీస్తే కాయ పడతాది," అన్నాడు.

జనంలో ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు పక్కకు పాకింది. ఆపుకోవాలని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నవాళ్ళు కూడా ఆపుకోలేకపోయారు. నాయుడి చెయ్యి కత్తి పిడి మీదికి వెళ్ళింది. నవ్వు ఆగిపోయింది.

ఓబులేసు నడుచుకుంటూ పందిరి కిందికి వచ్చాడు. పెద్దన్న బల్లెం మొన ఇప్పుడు అతని గొంతుకు బెత్తెడు దూరంలో ఉంది. దాన్ని లాక్కోవడం అతనికి కష్టం కాదు. ఆ సంగతి పెద్దన్నకూ తెలుసు.

ఓబులేసు రెండు చేతులూ పైకెత్తి, దోసిళ్ళతో సొరకాయ అడుగు పట్టుకున్నాడు.

"నేను పట్టుకుంటాను పెద్దన్నా. నువ్వు దొరగారి గుడ్డ తీసుకో."

పెద్దన్న కదల్లేదు. నాయుడి వైపు చూశాడు. బంట్లందరూ నాయుడి వైపే చూస్తున్నారు.

నాయుడు ఆ మరకల గుడ్డను చూశాడు. దాన్ని ఊడదీయించి, మడతపెట్టించి, కోటకు మోయించుకుని పోవాలి. ఇంతమంది చూస్తుండగా. గుర్రం ఒకసారి తల విదిలించింది.

"ఉండనీ," అన్నాడు. కళ్ళెం తిప్పాడు.

గుర్రాలు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. చివరగా పెద్దన్న ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, గుర్రాన్ని కదిలించాడు. ఆ వారం తిరక్కుండానే సంత దారిలో కాపలా ఎత్తేశారు. బీడు మాట మళ్ళీ కోట నుంచి రాలేదు.

అయితే ఆ శుక్రవారం, దుమ్ము అణిగాక, జనమంతా ఇళ్ళకు పోయాక కూడా ఓబులేసు చేతులెత్తి అట్లాగే నిలబడి ఉన్నాడు.

"ఇంక వదులు నాయనా," అంది అవ్వ. "గుడ్డ మోస్తాది."

వదిలాడు. చేతులకు అంటిన తీగ జిగురు పంచెకు తుడుచుకున్నాడు. వాటిని మోకాళ్ళ మధ్య పెట్టుకుని కింద కూర్చున్నాడు. అప్పుడు అడిగాడు.

"అవ్వా, నీకు భయం వెయ్యలేదా?"

"వేసింది."

"మరి?"

అవ్వ చేటలో ఆముదపు గింజలు పోసుకుని, తాలు ఏరి పక్కన వేస్తోంది.

"ఆ భయం చెప్పేది వినేదానికి తీరిక లేకపోయింది," అంది.