చోటుంది, రమ్మను

మన ముత్తాతల కాలానికి కాస్త అవతల, సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు చిత్తరకోట. దాన్ని ఏలే ప్రతాపమార్తాండ మహారాజు చెడ్డవాడేమీ కాదు. జనాన్ని పీడించలేదు, ఊరికే యుద్ధాలకు పోలేదు. ఆయనకు ఉన్నదల్లా బిరుదుల పిచ్చి.

మొత్తం పదకొండు బిరుదులు. రాజుగారు సభకు వచ్చినప్పుడల్లా భట్టు ఆ పదకొండూ రాగం తీసి చదివేవాడు. నడుస్తూ వస్తే అయిదో బిరుదుకే సింహాసనం వచ్చేస్తోందని, రాజుగారు గుమ్మంలోనే నిలబడి అన్నీ విని, ఆ తర్వాతే లోపలికి అడుగుపెట్టేవాడు. అంతసేపూ సభంతా లేచి నిలబడాల్సిందే. మోకాళ్ళ నొప్పులున్న ముసలి మంత్రులు ఏడో బిరుదు దగ్గరికొచ్చేసరికి మెల్లగా గోడకు చేరగిలబడేవారు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, మంత్రసాని ఆ బిడ్డను పాత మెత్తని గుడ్డలో చుట్టి పురిటిగది గుమ్మం దాకా తెచ్చి అక్కడ ఆగేది. ఆడపిల్లయితే "మనిషొచ్చింది, చోటివ్వండి" అనేది. మగపిల్లాడైతే "మనిషొచ్చాడు, చోటివ్వండి" అనేది. ఆ ఇంటి పెద్ద "చోటుంది, రమ్మను" అని బదులు చెప్పాలి. ఆ మాట విన్నాకే బిడ్డను గుమ్మం దాటించేవారు. ఒక్క గదిలో ఎనిమిది మంది ముడుచుకుని పడుకునే ఇళ్ళలో కూడా చోటుందనే చెప్పేవారు. లేదని చెప్పినవాళ్ళ సంగతి నేనైతే వినలేదు.

రాజుగారికి పెళ్ళయిన పన్నెండేళ్ళకు రాణి మంగాంబిక నెల తప్పింది. అందరూ సంతోషించారు. ఆస్థాన పండితుడు త్రిపురాంతక శాస్త్రి మాత్రం సంతోషించి ఊరుకోలేదు.

"మహాప్రభూ, రేపు పుట్టబోయే యువరాజును కూడా ఆ మంత్రసాని ఉత్త మనిషి అంటే ఏం బాగుంటుంది?" అన్నాడు.

నిజమే కదా, ఏం బాగుంటుంది అనిపించింది రాజుగారికి. అప్పటికప్పుడు శాస్త్రి కొత్త వాక్యం కట్టాడు. "సకల భూమండల తేజోమార్తాండుడు అవతరించాడు, సాష్టాంగపడండి." మంత్రసాని నూకాలును కోటకు పిలిపించి మూడు వారాలపాటు దాన్ని వల్లె వేయించాడు.

నూకాలుకు అరవై దాటాయి. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లోనే కళ్ళు తెరిచారు. పాపం, శ్రద్ధగానే నేర్చుకుంది. నీళ్ళు మోస్తూ, పొయ్యి రాజేస్తూ ఆ వాక్యమే గొణుక్కునేది. కానీ పురుడు కష్టమైంది. రాణి రెండు రోజులు నొప్పులు పడింది. బిడ్డ బయటికొచ్చి ఏడవలేదు. నూకాలు వాణ్ణి తలకిందులుగా పట్టుకుని, వీపు తట్టి, అరికాళ్ళు రుద్ది, నోట్లో నోరు పెట్టి ఊది, ఇక లేడేమో అనుకుంటుండగా వాడు కెవ్వుమన్నాడు. ఒళ్ళంతా చెమటతో, కళ్ళ నిండా నీళ్ళతో వాణ్ణి గుమ్మంలోకి తెచ్చింది. ఎదురుగా రాజు, మంత్రులు, శాస్త్రి, భట్టు. నోరు తెరిచింది. నలభై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా?

"మనిసొచ్చినాడు, సోటియ్యండి," అంది.

ఎవరూ బదులు పలకలేదు. శాస్త్రి ముఖం మాడిపోయింది. రాజుగారి మీసం వణికింది. ఎవరో దాసి వచ్చి ఆమె చేతుల్లోంచి బిడ్డను అందుకుని గబగబా లోపలికి తీసుకుపోయింది.

"యువరాజును నలుగురిలో మనిషన్నది, ప్రభూ," అన్నాడు శాస్త్రి.

రాజుగారు అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. పురిటి పదకొండు రోజులూ బిడ్డకు నీళ్ళు పోయాల్సింది పురుడు పోసిన చేతులే కాబట్టి అన్నాళ్ళు ఉండనిస్తారు. పదకొండో రోజు సాయంత్రానికి నూకాలు రాజ్యపు పొలిమేర దాటాలి. మళ్ళీ రాకూడదు.

ఆ కొలువులో కూర్మయ్య అని ఒక విదూషకుడు ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిద్ర లేచొచ్చినట్టు కనబడేవాడు. అతనూ నూకాలు చేతుల్లో పుట్టినవాడే. తీర్పు విని ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె అరుగు మీద కూర్చుని రెండు చీరలు, బొడ్డుకోసే చిన్న కొడవలి మూట కట్టుకుంటోంది.

"భయంగా ఉందా అమ్మా?" అనడిగాడు.

"ఊరిడిసి పోడానికి బయమేటి బావూ. ఏ ఊళ్ళోనైనా పిల్లలు పుడతారు," అంది నూకాలు. మూట ముడి బిగించింది. "ఆ గుంటడికి ఎవుళూ బదులు సెప్పనేదు. అదే నా బాద. వచ్చినాడని సెప్పినాను, రమ్మని ఒక్కళ్ళూ అన్నేదు. ఇలాగ ఏ ఇంటా జరగనేదు."

కూర్మయ్య ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టి లేచి వచ్చేశాడు.

మర్నాడు సభలో పదకొండు బిరుదులూ అయ్యాక చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

"ప్రభూ, నూకాలుకు వేసిన శిక్ష సరిగ్గా ఉంది. ఇంకా తక్కువేనేమో కూడా."

రాజుగారు అనుమానంగా చూశాడు. కూర్మయ్య తనతో ఏకీభవించడం ఆయనకు అలవాటు లేదు.

"అయితే ఆమె పోయాక వేరే మంత్రసానులు వస్తారు. వాళ్ళూ ఇదే తప్పు చేస్తే? యువరాజు ఏడుపుకీ మామూలు మనిషి ఏడుపుకీ తేడా ఏమిటో శాస్త్రిగారు ఒక్కసారి అందరి ముందూ చెప్పేస్తే, రేపటినుంచి ఎవరూ పొరబడరు."

శాస్త్రి ఉబ్బిపోయాడు. "తేడానా? రాచబిడ్డ రోదనంలో శంఖనాదం ఉంటుంది. నేను గోడ అవతలినుంచి విని చెప్పగలను."

"గోడ ఎందుకు స్వామీ, తెర చాలు," అన్నాడు కూర్మయ్య. "పదకొండో రోజున నూకాలు ఎలాగూ నీళ్ళు పోస్తుంది. ఈ పక్షంలో ఊళ్ళో పుట్టిన ముగ్గురు పిల్లల్ని కూడా తెప్పిద్దాం. తెర వెనక నలుగురికీ పోయిస్తాం. తల అంటితే ఎలాగూ ఏడుస్తారు. మీరు ఇవతల కూర్చుని యువరాజు ఏడుపు ఏదో చెప్పండి. చెబితే, నూకాలు సాయంత్రం దాకా ఆగక్కర్లేదు, అటునుంచి అటే పోతుంది."

"చెప్పలేకపోతే?" అంది రాణి. పురిటిగది విడిచి వచ్చి ఆమె లోపలి గుమ్మం వెనకనుంచి వింటోందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

రాజుగారు నవ్వాడు. "చెప్పలేకపోతే ఆమె ఉండొచ్చు. నేనే గుర్తుపడతాను, శాస్త్రిదాకా ఎందుకు? నా రక్తం నాకు తెలియదా?"

పదకొండో రోజు పొద్దున్నే సభామంటపంలో ఆ చివరినుంచి ఈ చివరికి తెర కట్టారు. తెర వెనక నూకాలు, నాలుగు కాగుల వేణ్ణీళ్ళు, నలుగురు పసివాళ్ళు. తెర ఇవతల రాజూ రాణీ ఆసనాల మీద, శాస్త్రి పీట మీద. ఒక చాప మీద ముగ్గురు బాలింతలు: జాలరి ఇంటి కోడలు, కుమ్మరి ఇంటి కోడలు, కోట కాపలా భటుడి భార్య. రాజసభలో కూర్చోవడం వాళ్ళకు అదే మొదటిసారి. ముగ్గురూ ఒకరినొకరు ఆనుకుని ముడుచుకుని కూర్చున్నారు.

నూకాలు పీట మీద కూర్చుని, కాళ్ళు బార్లా చాపి, మొదటి బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

"కాదు," అన్నాడు శాస్త్రి కళ్ళు మూసుకుని. "ఇందులో చేపల వాసన ఉంది."

రెండో బిడ్డ ఏడ్చాడు. రాణి చటుక్కున లేచి నిలబడింది. ఏదో గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది. పైటను గుండెలకు అదుముకుంది.

"ఇదీ కాదు. ఇది గానుగ కిర్రుమన్నట్టుంది," అన్నాడు శాస్త్రి.

మూడో బిడ్డ గొంతెత్తగానే మంటపం మారుమోగింది. శాస్త్రి కళ్ళు తెరిచాడు. "ఇదీ ప్రభూ శంఖనాదం."

"అవునవును, నాకు ఒళ్ళు గగుర్పొడిచింది," అన్నాడు రాజుగారు. ఆయన కళ్ళు చెమర్చాయి కూడా. నాలుగో బిడ్డ ఏడుపును ఇద్దరూ పట్టించుకోలేదు.

కూర్మయ్య తెర లాగేశాడు. స్నానాలై, సాంబ్రాణి పొగ పట్టించుకుని, ఒకే రకం పాతగుడ్డల్లో చుట్టుకుని ముగ్గురు పసివాళ్ళు వరసగా నిద్రపోతున్నారు. నాలుగోవాడు నూకాలు కాళ్ళ మీద వెక్కుతున్నాడు. ఆమె మూడో బిడ్డను ఎత్తి ముందుకు పట్టుకుంది.

"ఇది మా కుమ్మరి పైడమ్మ కూతురు బావూ," అంది.

శాస్త్రి ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నాడు. పైడమ్మ గబుక్కున లేచి వెళ్ళి తన పిల్లను తెచ్చుకుంది.

"మహారాణీ, మీరేమంటారు?" అనడిగాడు కూర్మయ్య.

"రెండోవాడు నా బిడ్డ," అంది రాణి. ఆమె అప్పటికే వాడి దగ్గర ఉంది.

"గానుగలా ఉన్న గొంతా?" అన్నాడు రాజు.

"గొంతు సంగతి నాకు తెలియదు. వాడికి ఆకలేసింది."

రాజుగారికి ఉన్నట్టుండి ఊపిరాడింది. "చూశావా కూర్మయ్యా. శాస్త్రి పొరబడ్డాడేమో గానీ, రాణి గుర్తుపట్టింది. అంటే రాచ ఏడుపు ఉన్నట్టే కదా?"

"ఉంది ప్రభూ. లేదని నేనెప్పుడన్నాను?" అన్నాడు కూర్మయ్య. "తమరంతా తెరను చూస్తూ కూర్చున్నారు. నేను ఈ చాపను చూస్తూ నిలబడ్డాను. మొదటి బిడ్డ ఏడవగానే జాలరి కోడలు మోకాళ్ళ మీద లేచింది. మూడో ఏడుపుకు పైడమ్మ సగం లేచి మీకు భయపడి కూలబడింది. నాలుగో ఏడుపుకు ఈ భటుడి భార్య, పాపం, ఏడ్చేసింది. నలుగురు తల్లులూ నలుగుర్నీ పట్టేశారు. ఒక్కరూ పొరబడలేదు. ఎవరి బిడ్డ ఏడుపు వాళ్ళకు రాచ ఏడుపే ప్రభూ. పక్కవాళ్ళకు మాత్రం గానుగ."

సభలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. రాజుగారు నవ్వలేదు. ఆయన ముఖంలో కోపం కూడా లేదు. చిన్న గొంతుతో అడిగాడు.

"మరి నేనెందుకు గుర్తుపట్టలేకపోయాను?"

దీనికి ఎకసెక్కం చేస్తే బాగుండదని కూర్మయ్యకు తెలుసు. "ఈ పదకొండు రోజుల్లో ఎన్నిసార్లు ఎత్తుకున్నారు ప్రభూ?"

ఒక్కసారీ ఎత్తుకోలేదు. రోజుకోసారి వెండిపళ్ళెంలో పట్టుపరుపు మీద పడుకోబెట్టి తెస్తే, దూరంనుంచి చూసి తల ఊపేవాడు. అలా చూడాలని శాస్త్రి చెప్పాడు.

రాజు ఆసనం దిగాడు. నూకాలు ముందుకు వచ్చి నిలబడ్డాడు. "నేను పుట్టినప్పుడు ఎవరు పురుడు పోశారు?"

"మా యమ్మ బావూ. నాను దీపం పట్టుకున్నాను."

"మీ అమ్మ ఏం చెప్పింది?"

"అదే మాట. మనిసొచ్చినాడు, సోటియ్యండి అని."

"ఎవరు బదులు చెప్పారు?"

"మీ నాయనమ్మ గోరు. అంతకుముందు మీ యమ్మ గోరికి ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయినారు. మీరు ఏడిసినారని తెలిసి ఆ పెద్దామె గుమ్మం కాడే కూలబడిపోనారు. నవ్వుతా ఏడుస్తా, సోటుంది, సోటుంది, రమ్మను, రమ్మను అని పదిసార్లు సెప్పినారు. మా యమ్మ ఒకసారి సెప్తే సాలమ్మా అన్నా ఇననేదు."

రాజుగారు తల వంచుకున్నాడు. తర్వాత రెండు చేతులూ చాపాడు. రాణి బిడ్డను అందించింది. పట్టుకోవడం రాక, ఆయన వాణ్ణి కత్తి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నూకాలు చనువుగా ఆయన మోచేతిని సర్ది, బిడ్డ తల కింద పెట్టింది. రాజుగారి చేతిని ఒక మామూలు మనిషి అలా పట్టుకు సర్దడం ఆ కోటలో ఎవరూ చూసి ఎరగరు.

వాడు తండ్రి ముఖంలోకి చూశాడు. చూసి, తాపీగా ఆయన పట్టు అంగీని తడిపేశాడు.

"ఈ లక్షణం మీ శాస్త్రంలో ఉందా స్వామీ?" అని కూర్మయ్య శాస్త్రినడిగాడు.

రాజుగారు ఫక్కున నవ్వాడు. నవ్వుతున్నవాడు నవ్వుతున్నట్టే ఉండగా కళ్ళవెంట నీళ్ళు కారాయి. శాస్త్రి కూడా నవ్వాడు. ఆయనకూ ఇంట్లో మనవరాలుంది. దాని ఏడుపులో ఆయనకు రోజూ శంఖనాదమే వినబడేదని తర్వాత తనే ఒప్పుకున్నాడు.

"నూకాలూ, ఆ రోజు అన్న మాట మళ్ళీ అను," అన్నాడు రాజు.

నూకాలు పైటచెంగుతో చేతులు తుడుచుకుంది. "మనిసొచ్చినాడు బావూ, సోటియ్యండి."

"చోటుంది, రమ్మను," అన్నాడు ప్రతాపమార్తాండ మహారాజు. "నీకూ ఉంది. ఈ ఊరు విడిచి ఎక్కడికీ పోకు."

నూకాలుకు పట్టుచీర, పాడి ఆవు ఇచ్చారు. కూర్మయ్య చేతికి రాజుగారు తన బంగారు కడియం తొడిగి, ఇంకేమైనా కావాలా అనడిగాడు. రోజూ పదకొండు బిరుదులసేపు నిలబడలేకపోతున్నానని చెప్పాడు కూర్మయ్య. గోడకు చేరగిలబడి ఉన్న ముసలి మంత్రులు అతనికేసి ఎంతో ప్రేమగా చూశారు.

మర్నాడు రాజుగారు అలవాటు ప్రకారం సభ గుమ్మంలో ఆగాడు. భట్టు గొంతు సవరించుకుని రాగం ఎత్తబోయాడు. రాజుగారు వద్దని చెయ్యి ఊపి, కూర్మయ్యను పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. కూర్మయ్య సభవైపు తిరిగాడు.

"మనిషొచ్చాడు, చోటివ్వండి."

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రాజుగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, పిలుపు కోసం చూస్తున్నట్టు. చివరికి వెనక వరసలోంచి ఒక ముసలి కాపలావాడు, ఇంట్లో మనవణ్ణి పిలిచినంత మామూలుగా బదులు చెప్పాడు.

"చోటుంది, రమ్మను."

రాజుగారు నవ్వుకుంటూ లోపలికి వచ్చి కూర్చున్నాడు.