వసుకేతుడు అడిగిన వరం

పూర్వం, హిమవంతానికి ఆవల, పట్టుపురుగులకు పుట్టినిల్లైన చీనదేశాన్ని ఒక చక్రవర్తి నాలుగు చెరగులా ఆజ్ఞ చెల్లించుకుంటూ ఏలుతున్న కాలంలో, వసుకేతుడనే అధికారి ఉండేవాడు. చీనభాషలో ఆయన అసలు పేరు మన నోట తిరిగేది కాదు గనుక పెద్దలు దానిని ఇలా మార్చి చెప్పుకుంటూ వచ్చారు. మనమూ అలాగే చెప్పుకుందాం.

ఆయన నిరుపేద ఇంట పుట్టి, శాస్త్రాలన్నీ కంఠస్థం చేసి, రాజపరీక్షలో అందరినీ మించి నెగ్గి, కొండసీమలో చిన్న అధికారిగా చేరి, బందిపోట్లను అణచి, బీళ్లను సాగులోకి తెచ్చి, ఎవరింటా గుక్కెడు మంచినీళ్లయినా ముట్టకుండా పేరు సంపాదించుకున్నాడు. అటువంటివాడు చెడిపోయాడంటే ధనాశ వల్లనేమో అనుకుంటారు. కాదు. ఆయనను చెరిచింది ఒక జత పాత చెప్పులు.

ఆయన సామర్థ్యానికి మెచ్చిన చక్రవర్తి, పసుపువన్నె నీళ్లతో పారుతూ వరదలకు పేరుమోసిన పీతనది తీరాన గల మహామండలానికి అధిపతిని చేసి పంపాడు. ఆ మండలపు రాజధాని స్వర్ణతటీనగరం. అక్కడొక ఆచారం ఉంది. పాలకుడు పదవి ముగించుకొని తూర్పుద్వారం గుండా వెళ్లిపోయేవేళ, అతడు ధర్మాత్ముడని ప్రజలకు తోస్తే, ఊరిపెద్దలు పల్లకికి అడ్డంపడి, తమ చేతులతోనే అతని పాదరక్షలు విప్పుకొని, ద్వారతోరణానికి వేలాడదీస్తారు. అతడు వట్టికాళ్లతో నడిచిపోతాడు. ఆ నడక ముందు కిరీటాలు దిగదుడుపే. దానిని అడిగి పొందడానికి లేదు, ఆజ్ఞాపించడానికి అసలే లేదు.

వసుకేతుడు శ్వేతాశ్వాన్ని అధిరోహించి, చీనాంబరాలు గాలికి రెపరెపలాడుతుండగా ఆ ద్వారంలో ప్రవేశించగానే, దారికిరువైపులా నిలిచిన జనమంతా తలలు వంచి మొక్కారు. ఆయన మురిసిపోయి, చిరునవ్వులు చిందిస్తూ ప్రతినమస్కారాలు చేస్తూ పోయాడు. కొంతదూరం పోయాక గాని తెలియలేదు, వాళ్ల చూపులు తన ముఖం మీద లేవని. తల తిప్పి చూస్తే, తోరణాన మడమలరిగి కుట్లు పడిన తోలు పాదరక్షలు వేలాడుతున్నాయి.

"అవి ఎవరివమ్మా?" అని పక్కనే తామరపూలమ్ముతున్న ముసలమ్మను అడిగాడు.

"సోమశీలులవారివి నాయనా! మీకు ముందు మమ్మల్ని ఏలిన పుణ్యాత్ముడు. ఇప్పుడు ఏటి అవతల కొండమీద తపస్సు చేసుకుంటున్నాడు. ఏటేటా వానలకు ముందు మాతోపాటు కరకట్ట పొడుగునా నడిచి, మట్టితట్టలు మోసి అట్లా అరగ్గొట్టుకున్నాడు. మా తండ్రి!"

"అలాగా" అని వసుకేతుడు గుర్రాన్ని అదిలించాడు. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

ఆనాటినుంచి ఆయన ఏం చేసినా ఆ పుణ్యం సోమశీలుని ఖాతాలోనే పడింది. ఎండిన పొలాలకు కాలువ తవ్విస్తే, సోమశీలులవారు తలపెట్టిన పని ఇన్నాళ్లకు తీరిందన్నారు. దొంగలను పట్టిస్తే, సోమశీలులవారి చలవ అన్నారు. ఆ మహర్షి తనకేనాడూ కీడు తలపెట్టలేదని వసుకేతునికి తెలుసు. అది తెలిసి మరీ మండిపడ్డాడు. శత్రువైతే దండెత్తవచ్చు, మంచివాడిని ఏం చేస్తాం?

చివరకు ఒక ఉపాయం తోచింది. ఎర్రపట్టుమీద బంగారుతీగ అల్లించి, ముత్యాలు పొదిగించి, తానొక జత పాదరక్షలు చేయించుకోవాలి. అవి తోరణమెక్కిననాడు వాటి తళతళలకు పక్కనున్న తోలుముక్కలు ఎవరి కంటా పడకూడదు. జీతంతో ముత్యాలు వచ్చేవి కావు. ఈ సంగతి ఎలా పసిగట్టాడో గాని, గోమేధుడనే కలపవర్తకుడు వెండిపళ్లెం నిండా ముత్యాలు పోసుకొని వచ్చి సాష్టాంగపడ్డాడు.

"మహాప్రభూ! ఇది లంచం కాదు, భక్తుడి కానుక. కరకట్టమీద వేతసవృక్షాలు ఊరికే పెరిగి పాడవుతున్నాయి. తమరు ఊ అంటే పడవలకు పనికొస్తాయి."

ఆ చెట్ల వేళ్లే కట్టను పిడికిలిలా బిగించి పట్టుకున్నాయని వసుకేతుడు ఎరగనివాడు కాడు. అయినా ముత్యాలు చూశాడు, తోరణం తలచుకున్నాడు, ఊ అన్నాడు. లంచమనే మాటకు ఆ ఇంట చోటు లేదు; కానుక అనే మాటకు మాత్రం ఆనాటినుంచి అన్ని తలుపులూ బార్లా తెరుచుకున్నాయి. ముత్యాల వెనుక మణులు, మణుల వెనుక గుర్రాలు వచ్చాయి. కట్టమీది చెట్లు తరలిపోయాయి.

వానలకు ముందు ఊరిపెద్దలు వచ్చి, ఆచారం ప్రకారం కరకట్ట నడవడానికి రమ్మని వేడుకున్నారు. ఆయన తన కాళ్లకు మెరుస్తున్న ముత్యాలకేసి చూసుకున్నాడు. తోరణమెక్కవలసిన పాదరక్షలు బురద తొక్కడమేమిటి? వాటిని విప్పి వెళదామంటే, వట్టికాళ్ల నడక పదవి చివర దక్కవలసిన గౌరవమాయె! తనకు బదులు సేవకుణ్ణి పంపి ఊరుకున్నాడు.

ఆయన ధర్మపత్ని సువర్ణలేఖ, మితభాషిణి, ఆనాడు మాత్రం ఊరుకోలేక ఇలా అన్నది. "ఆర్యపుత్రా! కొండసీమలో మనం గంజి తాగి బతికిననాడు మీరు కంటినిండా నిద్రపోయేవారు. ఆ ముని మీనుంచి ఏం లాక్కున్నాడని ఇంత కక్ష?"

"నాకు దక్కవలసిన దండాలన్నీ లాక్కున్నాడు, సువర్ణలేఖా! పైగా లాక్కున్నానని కూడా ఆయనకు తెలియదు. అదే నన్ను కాల్చుకు తింటున్నది!"



వానలు పట్టుకున్నాయి. పీతనది పొంగి, చెట్లు లేని చోట కట్టను కోసి గండిపెట్టి, పల్లపు పల్లెలన్నిటినీ ముంచెత్తింది. జనం ఇంటికప్పులెక్కి ఆర్తనాదాలు చేశారు. వార్త విని చక్రవర్తి పంపిన రాజదూత విచారణ జరిపి, గోమేధుణ్ణి చెరలో వేయించి, వసుకేతుని అధికారచిహ్నాలు ఊడబెరికించి, నడుముకు తాడు కట్టించి, దేశాంతరం తరిమివేయమని ఆజ్ఞాపించాడు. ముత్యాల పాదరక్షలు మాత్రం కాళ్లకు ఉండనివ్వమని వసుకేతుడు బతిమాలి ఒప్పించుకున్నాడు. ఆశ ఎంత సిగ్గుమాలినదో చూడండి!

తూర్పుద్వారం కిందికి రాగానే అడుగు మందగించాడు. ఎవరూ అడ్డంపడలేదు. ఎవరూ తిట్టలేదు కూడా, తిట్టినా బాగుండుననిపించింది. పూలమ్మే ముసలమ్మ ముఖం తిప్పుకుంది. అక్కడ ఆయనకు దుఃఖం ముంచుకొచ్చింది. పాదరక్షలు విప్పి ఆమె ముందు పెట్టి, "పల్లెవాళ్ల తిండికి వీటిని అమ్మించమ్మా" అని ముందుకు కదిలాడు.

దారంతా నీటమునగడంతో భటులు ఆయనను కట్టమీదుగా నడిపించారు. గండి దగ్గర వేలాదిజనం తట్టలతో మట్టి పోస్తుంటే పోసినది పోసినట్టే కొట్టుకుపోతోంది. వారి నడుమ, కొండ దిగివచ్చిన సోమశీలమహర్షి, జటలు బురదలో తడిసి, తట్ట మోస్తూ కనిపించాడు.

ఆయన వసుకేతుని చూసి, "నాయనా, కాళ్లకు ముళ్లు గుచ్చుకుంటాయి, ఇటు గట్టిగా ఉంది, ఇటు నడువు" అన్నాడు.

ఆ ఆదరానికి వసుకేతుని గుండె పగిలింది. "మహర్షీ! నన్ను దయతలచవద్దు. ఈ చెట్లు కొట్టించింది నేను. వర్తకుడిమీద నెపం పెట్టను. నీ పేరు వింటే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడూ మండుతోంది. నీమీది అసూయతో ఇందరిని ముంచాను!" అని అందరూ వినేటట్టు ఎలుగెత్తి చెప్పాడు.

అంతలో, ఆయన కంటికి మాత్రమే కనబడుతూ, మకరవాహనుడు, పాశహస్తుడు, సకలజలాధినాథుడైన వరుణదేవుడు సుడిగుండం మధ్య నిలిచి, గంభీరస్వరంతో ఇలా పలికాడు.

"వసుకేతా! నిన్ను ఈ పాశంతో బంధించాలని వచ్చాను. కాని ఎవరూ బలవంతపెట్టకుండానే సత్యం పలికావు, సంతోషించాను. ఒక వరం ఇస్తాను. నీ కీర్తి నీకు తిరిగి కావాలంటే చక్రవర్తి మనసు మళ్లించి, నీ పాదరక్షలు తోరణమెక్కిస్తాను. నది మాత్రం ఇలాగే పారుతుంది. గండి పూడాలంటే పూడుస్తాను. అయితే అది నీవు కోరిన వరమని లోకం ఎరగదు. సోమశీలుని తపఃఫలమని ఆచంద్రార్కం చెప్పుకుంటుంది."

వసుకేతుడు గిలగిలలాడిపోయాడు. "స్వామీ! గండి పూడ్చండి. పేరు నాకు వద్దు. కాని ఆ ఒక్కడి పేరు తప్ప ఇంకెవరి పేరైనా పెట్టకూడదా? పోనీ, ఆ గోమేధుడి పేరైనా పెట్టండి!"

వరుణదేవుడు పల్లంవైపు వేలు చూపాడు. దిగువన ఒక తల్లి, నడుములోతు నీళ్లలో, పసిబిడ్డను తలపైకెత్తి పట్టుకొని కేకవేసింది.

"పూడ్చండి స్వామీ" అన్నాడు వసుకేతుడు. "ఎవరి పేరైతేనేం. పూడ్చండి."

"తథాస్తు" అని వరుణదేవుడు అంతర్ధానమయ్యాడు. మరుక్షణమే ప్రవాహం మళ్లి, మట్టి నిలిచి, గండి మూసుకుంది. పీతనది తన గర్భంలోకి తాను ఒదిగిపోయింది. జనం ఆనందబాష్పాలతో సోమశీలుని కాళ్లమీద పడ్డారు.

"నాయనలారా, నేనేమీ చేయలేదు! నిజంగా నేనేమీ చేయలేదు!" అని ఆ అమాయకుడు మొత్తుకున్నాడు.

"చూశారా, ఎంత వినయమో!" అంటూ వాళ్లు ఆయనను భుజాలకెత్తుకున్నారు.

వసుకేతునిలో అసూయ మళ్లీ భగ్గుమంది. ఆ వెంటనే, ఎన్నాళ్లకో, ఆయనకు పగలబడి నవ్వు వచ్చింది. ఆ పైన గొంతు సవరించుకొని, "జయ సోమశీలమహర్షీ!" అన్నాడు. మొదటిసారి సగంలో ఆగిపోయింది. రెండోసారి పూర్తిగా, జనంతో గొంతు కలిపి అన్నాడు. తాడు పట్టుకున్న భటుడు వింతగా చూసి, ముడి కాస్త వదులు చేశాడు.

తరువాత వచ్చిన మండలాధిపతి కట్టపొడుగునా మళ్లీ వేతసవృక్షాలు నాటించాడు. పల్లెలు మళ్లీ పచ్చబడ్డాయి. ఈ కథ విన్నవారికి అసూయ సమూలంగా నశిస్తుందని నేను చెప్పను, వసుకేతునికే నశించలేదు. సాటివాడికి జయం పలకవలసి వచ్చినప్పుడు గొంతు కాస్త తక్కువ నొప్పి పెడుతుందని మాత్రం చెప్పగలను.