ముసల్ది కునుకు తీసే వేళ

ఏకాంతయ్యగారిని ప్రశ్న అడగాలంటే శిష్యులకు జంకు. అడిగినవాడికి జవాబు దొరకదు సరికదా, చేతికో పని తగులుకుంటుంది. వాగు ఒడ్డున ఉన్న ఆయన మఠానికి, మనసు చెదిరినవాళ్ళను బంధువులు తీసుకొస్తుంటారు. ఆయన నాడి చూసి, మందు ఇచ్చి, కుదుటపడేదాకా అక్కడే ఉంచుకుంటారు. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకు తోడుగా, మేకలు కాసుకునే తిరుపాలమ్మను కూర్చోబెట్టడమే మార్కండేయులు అనే శిష్యుడికి మింగుడుపడలేదు. ఆమెకూ ఏళ్ళ తరబడి చెవిలో ఏదో గొంతు వినబడుతుంది. మందు వేసుకుంటూ నలుగురిలో బాగానే తిరుగుతుంది గాని, ఒక్కోరోజు చెవులు మూసుకుని మూల కూర్చుంటుంది.

ఉండబట్టలేక ఒకనాడు అడిగేశాడు. "అయ్యా, తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది. తనకే బాగులేని మనిషి ఇంకొకరిని ఏం బాగుచేస్తుంది?"

"ఆ ఓబులేసుకు సంకటి తినిపించి రా, చెబుతాను" అన్నారు గురువుగారు.

ఓబులేసు మగ్గం నేసేవాడు. అన్నంలో విషం కలిపారని అతని చెవిలో ఎవడో చెబుతున్నాడట. వచ్చినప్పటి నుంచి మెతుకు ముట్టలేదు, మందు మింగలేదు. దవడలు లోపలికి పోయాయి. ఇంకా ఇలాగే ఉంటే మనిషి దక్కడని భార్య ఈరమ్మ గుమ్మం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

మార్కండేయులు పళ్ళెం ముందు పెట్టి, "చూడు నాయనా, విషమూ లేదు, గొంతూ లేదు. అసలేమీ లేదు, అంతా నీ భ్రమ" అన్నాడు. నమ్మకం కుదరాలని ముందు తానే ఒక ముద్ద మింగి చూపించాడు.

ఓబులేసు అతన్ని ఎగాదిగా చూశాడు. "నీకు విరుగుడు ముందే తాపినారు" అని గోడవైపు తిరిగిపోయాడు.

ఔరా, దానికేం జవాబు చెప్పాలి! అన్ని శాస్త్రాలు తిరగేసిన శిష్యుడు పళ్ళెం వదిలి పక్కకు జరిగాడు. అంతలో తిరుపాలమ్మ వచ్చి, ఓబులేసు పక్కన చతికిలబడింది. విషం ఊసే ఎత్తలేదు.

"ఏమన్నా, నీకు వినబడేది ఆడగొంతా, మగగొంతా?"

ఓబులేసు మెల్లగా తల తిప్పాడు. ఆ మాట అతన్ని అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు. "మగగొంతే" అన్నాడు.

"నాది ముసల్ది. నోరు మూయదు. కాకుంటే పొద్దు వాలేటప్పుడు కాస్త కునుకు తీస్తాది. ఆ సందులోనే గబగబా నాలుగు ముద్దలు మింగేస్తా. మీ వాడు ఎప్పుడు పండుకుంటాడు?"

ఓబులేసు ఆమె వైపు జరిగాడు. "పండుకోడు. పక్కన ఎవరన్నా మాట్లాడతా ఉంటే సల్లబడతాడు."

"అట్లయితే నేను మాట్లాడతా ఉంటా. లే అన్నా, లేచి చేయి కడుక్కో."

ఆమె తన మేకల గొడవంతా ఏకరువు పెట్టింది. తలాతోకా లేని ఆ మాటల నడుమ అతను మొదటి ముద్ద మింగాడు. ఈరమ్మ ఏడుపు ఆగలేదు గాని, ఆ ఏడుపు వేరు.

మార్కండేయులికి మాత్రం బుర్ర తిరిగిపోయింది. లేని గొంతుకు ఆమె వంత పాడిందా? మందు సంగతి అటకెక్కించిందా? అదీ కాదు, ముద్ద తర్వాత మందు కూడా ఆమే మింగించింది. మరి తాను చెప్పిన నిజం ఎందుకు పనికిరాలేదు?

కొన్నాళ్ళకు తిరుపాలమ్మ చెవులు మూసుకుని మూల చేరింది. "నేను చెప్పలేదా అయ్యా! వచ్చి చూడండి" అంటూ మార్కండేయులు గురువుగారిని వెంటబెట్టుకొచ్చాడు.

వాళ్ళకంటే ముందే ఓబులేసు అక్కడ ఉన్నాడు. మాటకారి కాడు, పాపం. మగ్గం మీది పడుగనీ, పేకనీ, తెగిన పోగనీ తడుముకుంటూ చెప్పుకుపోతున్నాడు. పక్కన పళ్ళెంలో సంకటి ఉంది, మందు ఉంది. "లే అక్కా. ముసల్ది కునుకు తీసినట్టుంది. లే" అంటున్నాడు. ఆమె లేవలేదు. అతను ఆపలేదు. కాసేపటికి ఆమె ఒక చెవి మీది నుంచి చెయ్యి తీసింది.

"అయ్యా, ఇంతకీ వీళ్ళలో రోగి ఎవరు, తోడు ఎవరు? నాకేమీ అర్థం కావడం లేదు" అన్నాడు మార్కండేయులు దీనంగా.

"నువ్వు 'లేదు' అన్నావు. వాళ్ళు 'లే' అంటున్నారు. ఎంత తేడా నాయనా, ఒక్క అక్షరమేగా!" అన్నారు గురువుగారు.