డప్పుకి సెగ

ప్రభుదాసుకి పొద్దుటి నుంచీ ఒకటే బెంగ. ఫ్రాన్సులో ఒక చిన్న ఊళ్ళో దేశదేశాల వాద్యాల పండగ. సాయంత్రం గురుశిష్యులిద్దరి వంతు. బయట చూస్తే ముసురు. గురువు ఎలమంద తాత డప్పు చెమ్మకి మెత్తబడి, కొడితే తడిగోడని తట్టినట్టుంది.

"ఫైబర్ డప్పు తెచ్చుకుందామని మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నా తాతా. నాది చూడు, వానొచ్చినా ఎండొచ్చినా ఒకటే మోత."

"నీది మోగుద్దిలే," అంటూ ముసలాయన డప్పు చంకన పెట్టుకుని లేచాడు.

హాలు వెనక పంచలో మాంసం కాల్చే ఇనప పొయ్యి ఉంది. వంటమనిషిని సైగలతోనే ఒప్పించి, అట్టపెట్టెలు చించి నిప్పు రాజేశాడు. గొంతుక్కూర్చుని డప్పుని సెగ మీద తిప్పడం మొదలుపెట్టాడు. దొరలూ దొరసానులూ అద్దాల్లోంచి తొంగిచూశారు. ఒకాయన ఫోటో కూడా తీశాడు.

దాసుకి తల కొట్టేసినట్టయింది.

"లే తాతా. మనల్ని అడివి మనుషులనుకుంటున్నారు."

"ఎవరు?"

"ఆ చూసేవాళ్ళు."

తాత అటు చూడనైనా లేదు.

ఇంతలో పొగ వాసన పట్టుకుని ఒకాయన గబగబా వచ్చాడు. ఆరడుగుల మనిషి. మెళ్ళో బిళ్ళ మీద సెనెగల్ అని ఉంది, చంకలో పొడుగాటి డోలు. నిప్పు కనపడగానే ఆయన మొహం విచ్చుకుంది. తన భాషలో ఏదో అని, తాత పక్కనే చతికిలబడి డోలు మొహాన్ని మంటకి చూపించాడు.

తాత వంగి ఆ తోలు మీద వేలు రాశాడు.

"మేకతోలు!" పెద్దగా నవ్వాడు.

సెనెగలాయన తాత డప్పుని తడిమి, తనూ ఏదో అని అంతకన్నా పెద్దగా నవ్వాడు.

కాసేపటికి డప్పు కంగుమంది. డోలు ఢమ్మంది. తాత ఒక దరువేస్తే ఆయన దానికి తోక తగిలించాడు. ఆ తోక పట్టుకుని తాత ఇంకోటి అల్లాడు. వంటమనిషి గరిటె ఊపుతూ వానలోకి దిగి గంతులేశాడు. తలుపులు తెరుచుకుని జనం పంచలోకొచ్చేశారు.

తోలు మళ్ళీ చెమ్మ లాగకుండా ఇద్దరూ వాద్యాలని మంటకి పట్టారు. పొయ్యి దగ్గరికి తనెప్పుడొచ్చి కూర్చున్నాడో దాసుకే తెలీదు. ఉండబట్టలేక తాత చెవిలో అడిగాడు.

"ఇంతకీ ఆయన మాటల్లో నీకేం అర్థమైంది తాతా?"

"కొంచెం జరగరా," అన్నాడు ఎలమంద. "ఆయనకి సెగ తగలడంలా."